ఎల్మర్ స్పెర్రీ చరిత్రము

బొంగరము మన హైదరాబాదు పాతబస్తీ బాలురకు క్రొత్త వస్తువు కాదు. షా అలీ బండ సందులలోను, ఫలక్‌నుమా మెట్టక్రింది వాడలలోను దానిని లట్టూ అని పిలుచుచు, త్రాడు చుట్టి విసరి, తిరుగుచుండగనే అఱచేతి మీదికి ఎక్కించుకొని ఆడు పిల్లలను మనము చూచుచునే యున్నాము. వేగమున్నంతసేపు నిటారుగ నిలిచి, వేగము తగ్గగానే తూలి పడిపోవు ఈ ఆటవస్తువును చూచి నవ్వుకొని పోవువారే లోకమున అధికము. అట్టి దానిని చేపట్టి, నడిసముద్రమున నావికునకు ఉత్తరదిక్కును, మేఘమధ్యమున విమానచోదకునకు భూమట్టమును చూపించిన పురుషుని చరిత్రమును ఈ సంవత్సరపు సంచికలో వ్రాయ సంకల్పించితిమి. ఆయన పేరు ఎల్మర్ ఆంబ్రోస్ స్పెర్రీ. శంషాబాదునకు దిగు విమానములను చూచి మా విద్యార్థులు మమ్మడుగు ప్రశ్నలలో సగమునకు ఈయన జీవితమే ప్రత్యుత్తరము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు రాష్ట్రమున, కోర్ట్‌లండు మండలమందు, సిన్సినాటస్ అను పల్లె కలదు. 1860వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన స్పెర్రీ అచ్చట జన్మించెను. బిడ్డను కన్న వెంటనే తల్లి మేరీ కన్నుమూసెను. శిశువు తండ్రివైపు తాతయవ్వల యింట పెరిగెను. తల్లిలేని బిడ్డలను గుండెలకు హత్తుకొని పెంచిన నాయనమ్మలు మన వాడలలోను ఎందఱో కలరు. వారి పేర్లు చరిత్రములలోనికి ఎక్కవు, వారు పెంచిన వారి పేర్లు మాత్రము ఎక్కును. బాలునకు పుస్తకముల కంటె నీటిమరలును, కమ్మరికొలుములును, పట్టణమునకు వచ్చిపోవు రైలుబండ్లును ఎక్కువ ప్రియములయ్యెను. ఒక చక్రము తిరిగినచో దానివలన మఱియొక చక్రము ఎట్లు తిరుగుచున్నదో తెలిసికొననిదే అతడు అచ్చటినుండి కదలెడివాడు కాడు.

కోర్ట్‌లండు పట్టణమున ఉపాధ్యాయులను తయారుచేయు నార్మల్ పాఠశాల యుండెను. స్పెర్రీ చదువు ప్రధానముగ అచ్చటనే సాగెను. మేమును అట్టి శిక్షణ కళాశాలలోనే చదివిన వారము గనుక, ఈ సంగతిని కొంచెము గర్వముతో వ్రాయుచున్నాము. అయితే ఆయన ఏనాడును బడిలో పాఠము చెప్పిన వాడు కాడు. ఆ పట్టణమందలి క్రైస్తవ యువజన సంఘముతో ఆయనకు దగ్గఱి సంబంధము కలిగెను. అమెరికా స్వాతంత్ర్యమునకు నూఱేండ్లు నిండిన సందర్భమున 1876లో ఫిలడెల్ఫియా నగరమందు గొప్ప ప్రదర్శనము జరిగినపుడు, ఆ సంఘము సహాయముననే ఈ పల్లెటూరి బాలుడు అచ్చటికి వెళ్లగలిగెను. ఆ ప్రదర్శనమందు కార్లిస్ అను వానిచే నిర్మింపబడిన బ్రహ్మాండమైన ఆవిరియంత్రము ఒక్కటియే విశాలమైన శాలలోని యంత్రములనన్నిటిని నడిపించుచుండెను. గ్రహాంబెల్ నిర్మించిన టెలిఫోను ప్రజలకు తొలిసారి చూపబడినదియు అచ్చటనే. మన నాంపల్లి నుమాయిషునకు వెళ్లి వచ్చిన పిల్లవాడు నాలుగు దినములవఱకు మఱియొక మాట మాట్లాడడు గదా. ఫిలడెల్ఫియా వెళ్లి వచ్చిన ఎల్మర్ జీవితాంతము మఱియొక మాట మాట్లాడలేదని చెప్పవచ్చును.

ఆ కాలమున పట్టణవీధులకు ఆర్క్ దీపములు వచ్చుచుండెను. రెండు బొగ్గుకడ్డీల నడుమ విద్యుత్తు దుమికి మిరుమిట్లు గొలుపు వెలుగునిచ్చుటయే ఆర్క్ దీపము. అందొక చిక్కుండెను. ఒకే వరుసలో నున్న దీపములలో కొన్నిటిని ఆర్పినయెడల తక్కినవాని గుండ ప్రవహించు విద్యుత్తు మాఱిపోయి వెలుగు చెడును. దీపములెన్ని వెలిగినను ఎన్ని ఆఱినను, మనుష్యుడు చేయిపెట్టకుండ విద్యుదుత్పత్తి యంత్రమే తన్ను తాను సరిచేసికొనునట్లు చేయవలెనని స్పెర్రీ యోచించెను. కార్నెల్ విశ్వవిద్యాలయమందలి ఆంథొనీ అను ఆచార్యుడు ఈ యువకుని మాటలు విని సలహా చెప్పెను. ఇరువదేండ్లు నిండునప్పటికే స్పెర్రీ అట్టి యంత్రమును సిద్ధపఱచెను. చదువరులు ఈ చిన్న విషయమును జ్ఞాపకముంచుకొనవలెను. తప్పు జరిగినంతనే దానిని తానే గుర్తెఱిగి, తానే దిద్దుకొను యంత్రమును చేయుట అనునదే ఈయన చేసిన సకల కార్యములకును మూలము. దీపమైనను, ఓడయైనను, విమానమైనను ఆయన దృష్టికి సమస్య ఒక్కటియే.

తరువాత ఆయన చికాగో నగరమునకు వెళ్లి ఒక విద్యుద్దీపముల సంఘమును స్థాపించెను. నగరమందలి వర్తక మండలి భవన గోపురముపై ఆయన దీపములు వెలిగెను గాని, వ్యాపారము మాత్రము వెలుగలేదు. పెద్ద సంఘములతో పోటీపడలేక కొన్నేండ్లకు అది క్షీణించెను. 1887లో ఆయన జూలా గుడ్‌మన్ అను కన్యను వివాహమాడెను. ఆమె తండ్రి చికాగోలో ఒక బాప్టిస్టు సంఘమునకు డీకను. వారికి హెలెన్ అను కుమార్తెయు, ఎడ్వర్డు, లారెన్సు, ఎల్మర్ అను ముగ్గురు కుమారులును కలిగిరి. అటుపిమ్మట ఇరువదేండ్లపాటు స్పెర్రీ గనులలో బొగ్గు త్రవ్వు విద్యుద్యంత్రములను, ట్రాంబండ్లను, విద్యుచ్ఛక్తితో నడచు మోటారు బండ్లను, రసాయన పరిశ్రమకు కావలసిన సాధనములను వరుసగా నిర్మించెను. ఒకదానిని పూర్తిచేయుట, దాని హక్కులను అమ్ముట, ఆ ధనముతో క్రొత్త సమస్యను పట్టుకొనుట అనునదే ఆయన పద్ధతి. ఇవి యన్నియు వివరింపబూనినచో ఈ సంచిక చాలదు గనుక బొంగరమునొద్దకే వత్తము.

తిరుగు చక్రమునకు గైరోస్కోపు అను పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశీయుడగు ఫూకో. ఆయన 1852లో దానిచే భూభ్రమణమును నిదర్శనపూర్వకముగ చూపెను. వేగముగ తిరుగు బరువైన చక్రమునకు రెండు గుణములు కలవు. మొదటిది, దాని ఇరుసు ఏ దిక్కునకు చూచుచున్నదో ఆ దిక్కునే విడువక చూచుచుండును. దానిని పట్టియుంచిన చట్రము ఎటు తిరిగినను అది చలింపదు. రెండవది, బలవంతముగ దానిని త్రోసినయెడల అది త్రోసిన వైపునకు పోక, దానికి అడ్డముగ నున్న వైపునకు ఒరగును. బొంగరము పడిపోవునపుడు ఒక్కసారిగ పడక, చుట్టును తల త్రిప్పుచు తూలుటకు ఈ రెండవ గుణమే కారణము. మన పిల్లలు దీనిని రోజును చూచుచున్నారు. కారణము మాత్రము అడుగువారు తక్కువ.

ఇరువదవ శతాబ్దారంభమున యుద్ధనౌకలు ఉక్కుతో నిర్మింపబడుచుండెను. చుట్టును ఉక్కు, నడుమ విద్యుద్యంత్రములు ఉండగా అయస్కాంతపు దిక్సూచి నమ్మదగినది కాకపోయెను. జర్మనీలో ఆన్షుట్జ్ అను పండితుడు గైరోస్కోపుతో దిక్సూచిని చేసి 1908లో నౌకపై పరీక్షించెను. స్పెర్రీ కూడ ఆ మార్గముననే, కాని తనదైన పద్ధతిలో, దిక్సూచిని నిర్మించెను. భూమి తిరుగుటవలననే చక్రపు ఇరుసు మెల్లమెల్లగ ఉత్తర దక్షిణములకు వచ్చి నిలుచునట్లు చేసిన ఆ సాధనమునకు అయస్కాంతముతో పనిలేదు. 1910లో ఆయన బ్రూక్లిన్ నగరమున స్పెర్రీ గైరోస్కోపు సంఘమును స్థాపించెను. మఱుసటి యేడు ఆ దిక్సూచి అమెరికా యుద్ధనౌకయగు డెలావేరు మీద పరీక్షింపబడి మెప్పు పొందెను. బ్రిటిషు నావికాదళము వారును దానిని కొనిరి. ఏబదేండ్ల వయస్సున మనుష్యులు విశ్రాంతిని గూర్చి తలంతురు. స్పెర్రీకి ప్రఖ్యాతి కలిగినది అప్పుడే.

రైటు సోదరులు 1903లో ఎగిరిన పిదప విమానములు వచ్చెను గాని, వానిని గాలిలో నిలుకడగా ఉంచుట కత్తిమీద సాము వంటిదిగా నుండెను. గాలి యొకటి రివ్వున కొట్టిన రెక్క ఒరుగును. చోదకుడు క్షణకాలము ఏమఱిన ప్రాణము పోవును. స్పెర్రీ రెండవ కుమారుడు లారెన్సు చిన్ననాటినుండియు ఎగురుటయందు పిచ్చిగలవాడు. తండ్రి చక్రములను, కుమారుని సాహసమును కలసి విమానస్థైర్య సాధనముగ రూపొందెను. అందు నాలుగు చిన్న గైరోస్కోపులు కలవు. విమానము ఒరిగినను, ముక్కు ఎత్తినను దించినను అవి గుర్తించి, చుక్కానులను తామే కదల్చి విమానమును మట్టమునకు తెచ్చును. నాటి దీపయంత్రము తన్ను తాను దిద్దుకొన్నట్లే గదా.

1914వ సంవత్సరము జూన్ 18వ తేదీన పారిసు సమీపమున, సేన్ నదియొడ్డున బెజాన్స్ అను చోట విమాన క్షేమసాధనముల పోటీ జరిగెను. ఇరువదియొక్క యేండ్ల లారెన్సు, ఎమిల్ కాషాన్ అను ఫ్రెంచి యంత్రకారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నీటిపై వ్రాలు కర్టిస్ విమానమును నడిపించెను. న్యాయనిర్ణేతల యెదుటికి రాగానే అతడు రెండు చేతులను పైకెత్తెను. మఱియొకసారి వచ్చునపుడు కాషాన్ తన స్థానమునుండి లేచి రెక్కమీద దూరముగ నడచిపోయెను. ఒక ప్రక్క బరువు పెరిగినను విమానము ఒరుగలేదు. మూడవసారి ఇరువురును చెఱియొక రెక్కమీద నిలిచియుండగా, చోదకుని స్థానము శూన్యముగ విమానము నదిమీదుగా సాగిపోయెను. ఒడ్డున నిలిచిన జనులు ఊపిరి బిగబట్టి చూచిరి. ఏబదివేల ఫ్రాంకుల బహుమానము లారెన్సునకు వచ్చెను. అమెరికాలో ఆ సంవత్సరపు కాలియర్ బహుమానము తండ్రికి ఇయ్యబడెను. పిదప పది దినములకు సారయేవో నగరమున ఆస్ట్రియా యువరాజు హత్య జరిగెను. వెనువెంటనే ఐరోపా యంతయు యుద్ధాగ్నిలో పడెను.

ఇచ్చట ఒక విషయమును దాచుట జీవితచరిత్రకారునకు తగదు. ప్రాణములను రక్షించుటకు పుట్టిన ఆ సాధనమే యుద్ధకాలమున ప్రాణములను తీయుటకును ఉపయోగింపబడ జొచ్చెను. చోదకుడు లేకుండ తానే ఎగిరిపోయి, నిర్ణీత దూరమునకు చేరగానే శత్రువుపై పడు విమానమును నిర్మింపుమని అమెరికా నావికాదళము కోరగా, తండ్రికొడుకులు అందుకు పూనుకొనిరి. పలుమార్లు విఫలమైన పిమ్మట, 1918 మార్చి 6వ తేదీన లాంగ్ ఐలండులోని కోపియాగ్ అను చోటునుండి మనుష్యుడు లేని విమానము లేచి, సుమారు వేయి గజములు తిన్నగా ఎగిరి, నియమించిన చోట వ్రాలెను. అది యుద్ధమునకు ఉపయోగపడకమునుపే సంధి కుదిరెను. నేడు ప్రతిదినము వార్తాపత్రికలలో చదువు చోదకరహిత విమానములకు మూలపురుషులలో స్పెర్రీ యొకడని ఒప్పుకొనక తప్పదు. బొంగరమునకు పాపపుణ్యములు తెలియవు. దానిని చేసినవానికి తెలియును గదా యని మా పదవ తరగతి బాలిక యొకతె అడిగినది. ఆ ప్రశ్న న్యాయమైనదే. మా మట్టునకు, స్పెర్రీ ఆ పనిని చేయకుండిన బాగుండెడిదని తోచుచున్నది. అయితే తన దేశము యుద్ధమందుండగా అట్టి కోరికను త్రోసిపుచ్చిన శిల్పులు ఏ దేశమునను మిక్కిలి కొలదిమందియే.

ఆ కాలముననే స్పెర్రీ ఒక చిన్న సాధనమును కల్పించెను. చూచుటకు మోటారు బండిలోని గడియారమువలె నుండును. గైరోస్కోపు యొక్క రెండవ గుణము ననుసరించి, విమానము కుడికి తిరుగుచున్నదో ఎడమకు తిరుగుచున్నదో దానిలోని ముల్లు చూపును. ఇదేమి గొప్ప, తిరుగుచున్నది లేనిది మనుష్యునకు తెలియదా యని అడుగవచ్చును. నిజముగనే తెలియదు. దాగుడుమూతలాటలో పిల్లవాని కండ్లకు గుడ్డకట్టి, గిరగిర త్రిప్పి విడిచినపుడు ఏమగునో అందఱును చూచినదే. త్రిప్పుట ఆపినను తాను ఎదురు దిక్కునకు తిరుగుచున్నట్లు వానికి తోచును. చెవిలోపలి నాళములలో ఒక ద్రవము కలదు. అది కదలునపుడు మనకు తిరుగుచున్నామను జ్ఞానము కలుగును. మెల్లగ, ఒకే తీరుగ తిరుగుచున్నచో కొంతసేపటికి ఆ ద్రవము కూడ మనతో సమానముగ తిరిగి, కదలిక తెలియకపోవును. మేఘములో చిక్కిన చోదకుని గతి ఇదియే. విమానము ఒకవైపు ఒరిగి సుడి తిరుగుచు క్రిందికి జారుచుండినను, తాను తిన్నగనే పోవుచున్నానని వాడు నమ్మును. వేగము పెరుగుట చూచి ముక్కును పైకెత్తబోవును; దానిచే సుడి మఱింత బిగియును. పక్షులు సైతము దట్టమైన మంచులో ఎగురుటకు వెనుదీయును. అనుభవముగల చోదకులు పలువురు ఈ విధముగ నశించిరి. వారికి కొదవయైనది ధైర్యము కాదు, చూపు.

లారెన్సు తన సంఘము నిర్మించిన మెసెంజరు అను మిక్కిలి చిన్న విమానమును తీసికొని ఇంగ్లండు వెళ్లియుండెను. 1923 డిసెంబరు 13వ తేదీన, పొగమంచు కమ్మిన దినమున, ఇంగ్లీషు కాలువను దాటుటకై అతడు ఒంటరిగ బయలుదేరెను. ఆవలి యొడ్డునకు చేరలేదు. 1924 జనవరి 11వ తేదీన అతని దేహము సముద్రమున దొరకెను. ముప్పదియొక్క యేండ్లు నిండుటకు అప్పటికి ఎనిమిది దినములు మాత్రమే కొఱతగా నుండెను. అఱువదిమూడేండ్ల తండ్రి అంతటితో కృంగిపోయి పని మానలేదు. రెండవ కుమారుడు బ్రతికి యుండగా మొదలుపెట్టిన కార్యమును చిన్న కుమారుడగు ఎల్మర్ చేతికి అప్పగించెను.

ఆ కార్యము పొగమంచును జయించుట. గుగ్గెన్‌హైమ్ ధర్మనిధి వారు ఈ సమస్య నిమిత్తము లాంగ్ ఐలండులోని మిచెల్ విమానస్థలమున ఒక పరిశోధనశాలను నెలకొల్పి, జేమ్సు డూలిటిల్ అను సైనికాధికారిని దానికి నియమించిరి. డూలిటిల్ సాహసికుడే గాక ఇంజనీరింగులో డాక్టరు పట్టము పొందినవాడు. విమానము ఎంత ఒరిగినదో ముల్లుచూచి ఊహించుట గాక, చూచినంతనే తెలియవలెననియు, దిక్కు కూడ ఊగులాడక కనబడవలెననియు ఆయన స్పెర్రీని కోరెను. చిన్న ఎల్మర్ ఆయనతో కలసి పనిచేసెను. ఫలితముగ రెండు సాధనములు పుట్టెను. ఒకటి కృత్రిమ క్షితిజము. గుండ్రని అద్దము వెనుక ఒక అడ్డగీత యుండును. అది నిజమైన భూమ్యాకాశముల సంధిరేఖకు ప్రతినిధి. దాని ముందర చిన్న విమానపు బొమ్మ. బయట ఏమియు కనబడకున్నను, ఈ గీతను చూచి చోదకుడు తన విమానమును మట్టముగ ఉంచుకొనవచ్చును. రెండవది దిక్కును చూపు గైరోస్కోపు. వీనికి తోడు కోల్స్‌మన్ అను శిల్పి చేసిన సూక్ష్మమైన ఎత్తుమానము చేరెను. రేడియో సంకేతములు దారి చూపెను.

1929 సెప్టెంబరు 24వ తేదీన డూలిటిల్ విమానపు వెనుక స్థానమున కూర్చుండెను. ఆయనపై గుడ్డకప్పు మూయబడెను. ఆకాశముగాని, నేలగాని, రెక్కకొనగాని ఆయనకు కనబడవు. అవసరమైనచో కాపాడుటకు ముందు స్థానమున బెంజమిన్ కెల్సీ అను సహచరుడు ఉండెను గాని, అతడు తన చేతులను అందఱకు కనబడునట్లు బయటనే ఉంచెను. విమానము లేచెను, తిరిగెను, పావుగంటసేపటికి బయలుదేరిన చోటనే దిగెను. లేచుట మొదలు దిగువఱకు కేవలము సాధనములను చూచి సాగించిన ప్రయాణములలో లోకమున ఇదియే మొదటిది. రెండేండ్ల క్రిందట అట్లాంటికు సముద్రమును ఒంటరిగ దాటిన లిండ్‌బర్గు విమానమందు క్షితిజ సాధనము లేదు. తిరుగుటను చూపు ముల్లు మాత్రమే యుండెను. రెండేండ్లలో ఎంత మార్పు!

కడపటి సంవత్సరములలోను స్పెర్రీ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. రైలుపట్టాల లోపల, పైకి కనబడని చీలికలుండి, అవి హఠాత్తుగ విరిగి ప్రమాదములు జరుగుచుండెను. పట్టాలోనికి విద్యుత్తును పంపి ఆ చీలికలను కనుగొను బండిని ఆయన నిర్మింపగా, 1928లో అది పనికి వచ్చెను. 1929లో అమెరికా యంత్రశిల్పుల సంఘమునకు అధ్యక్షుడుగ నుండి, జపాను దేశమున జరిగిన ప్రపంచ ఇంజనీర్ల మహాసభకు వెళ్లి వచ్చెను. 1930 మార్చి నెలలో సహధర్మిణి జూలా మరణించెను. మూడు నెలలకు, జూన్ 16వ తేదీన, బ్రూక్లిన్ నగరమున ఆయనయు పరలోకగతుడయ్యెను. ఆయన పేర నమోదైన కల్పనలు మూడువందల యేబదికి పైబడి యుండెను.

ఆయన గతించిన మూడేండ్లకు, 1933లో, వైలీ పోస్టు అను ఒంటికంటి చోదకుడు స్పెర్రీ సంఘము వారి స్వయంచాలక సాధనమును తోడుచేసికొని ఒంటరిగ భూగోళమును చుట్టివచ్చెను. క్రమముగ ప్రతి చిన్న విమానము నందును ఆఱు గుండ్రని సాధనములు గల ఫలకము అలవాటయ్యెను: వేగము, క్షితిజము, ఎత్తు, తిరుగుడు, దిక్కు, పైకెక్కుట లేక దిగుట. వీనిలో మూడు బొంగరములే. ఇంజను నడిపించు ఒక చిన్న పంపు గాలిని పీల్చగా, ఆ గాలి తగిలి క్షితిజమునందును దిక్కునందును చక్రములు నిమిషమునకు వేలకొలది మార్లు తిరుగును. దశాబ్దములపాటు లోకమందలి చిన్న విమానములు ఈ ఆఱు కండ్లతోనే చూచుచు ఎగిరెను.

అయితే తిరుగు వస్తువు ఒకనాడు అరుగును. ఇరుసు అరిగినను, పంపు చెడినను, చక్రము ఒక్కసారిగ పడిపోదు. బొంగరమువలె మెల్లగ ఒరుగును. సాధనము తప్పు చెప్పుచున్నదని అది తానుగా చెప్పదు. అద్దము వెనుక గీత కొంచెము కొంచెముగ ప్రక్కకు వంగుచుండగా, చోదకుడు దానిని నమ్మి విమానమును వంచును. సాధనమునందలి లోపము ఎంత ఘోరమైనదో మన దేశము 1978 జనవరి 1వ తేదీ రాత్రి తెలిసికొనెను. బొంబాయినుండి దుబాయి బయలుదేరిన ఎయిర్ ఇండియా వారి ఎంపరర్ అశోక అను బోయింగు 747 విమానమున ముఖ్యచోదకుని క్షితిజ సాధనము, విమానము మట్టమునకు వచ్చినను కుడికి ఒరిగినట్లే చూపెను. బయట సముద్రము, చీకటి. ఆయన ఎడమకు, ఇంకను ఎడమకు త్రిప్పెను. విమానము బాంద్రా తీరమునకు ఆవల సముద్రములో పడి 213 మందియు మరణించిరి. ఆ గదిలో సరిగా చూపు సాధనములు వేఱే యుండెను. వానిని పోల్చి చూచుటకు కాలము చాలలేదు.

ఇప్పటి చిన్న విమానములలో ఫలకములను మార్చుచున్నది ప్రధానముగ ఈ కారణముననే. పాత సెస్నా విమానమొకటి కొన్నవాడు, రెక్కలును ఇంజనును గట్టిగా నున్నవని తెలిసికొనిన పిమ్మట, ఫలకమును విప్పించి, గాలిపంపును, గొట్టములను, బొంగరములను తీయించి, వాని స్థానమున తెరలను అమర్చుకొనుచున్నాడు. 2004 ప్రాంతమునుండి సెస్నా వంటి శిక్షణ విమానములు కర్మాగారమునుండియే గార్మిన్ సంఘము వారి జి-1000 తెరలతో వెలువడసాగెను. పాత విమానములకు తక్కువ వెలగల తెరలను అమర్చుకొనుటకు అమెరికా విమానయాన శాఖ వారు 2016లో దారి సుగమము చేసిరి. మన దేశమున అట్టి మార్పులకు పౌర విమానయాన మహానిర్దేశకాలయము వారి అనుమతి కావలెను. తెర వెనుక తిరుగు చక్రము లేదు. గోరంత సిలికాను ముక్కపై చెక్కిన అతిసూక్ష్మమైన కమ్ములు కంపించుచుండును. విమానము తిరిగినపుడు ఆ కంపనము ప్రక్కకు మళ్లును. ఎంత మళ్లినదో కొలిచి, కంప్యూటరు లెక్కకట్టి, నీలివర్ణపు ఆకాశమును, గోధుమవర్ణపు నేలను తెరమీద గీయును. రెండు యూనిట్లు ఉన్నచో అవి యొకదానినొకటి పోల్చుకొని, భేదము కనబడగానే చోదకుని హెచ్చరించును. బొంబాయి సముద్రము మీద ఆ రాత్రి కావలసియుండినది ఈ హెచ్చరికయే.

ఈ తెరలలోను లోపము లేకపోలేదు. విద్యుత్తు పోయినచో అంతయు చీకటి. కావున వేఱుగ బ్యాటరీ ఉంచవలెను. తెరమీద పటములు, అంకెలు, రంగులు అధికమై చోదకుడు బయటకు చూచుట మఱచుచున్నాడని శిక్షకులు గొణుగుచుందురు. సెల్‌ఫోను చేతికిచ్చిన పిల్లలను చూచిన తలిదండ్రులకు ఈ సంగతిని వివరింపనక్కఱలేదు.

గైరోస్కోపు విద్య మన ఊరికి దూరమైనది కాదు. హిందూస్థాన్ ఏరోనాటిక్సు వారి విమాన విద్యుత్సాధన విభాగము 1965నుండి హైదరాబాదులోనే యున్నది. చార్మినారునకు ఆగ్నేయముగ కాంచన్‌బాగునందు క్షిపణుల ప్రయోగశాలయు, దానికి ఆవల 1988లో అబ్దుల్ కలాంగారి పూనికచే వెలసిన ఇమారత్ పరిశోధనా కేంద్రమును కలవు. అచ్చట చక్రమునకు బదులు కాంతికిరణమునే చుట్టును త్రిప్పి దిక్కును తెలిసికొను గైరోస్కోపులతో పనిచేయుదురు. మన విద్యార్థుల బంధువులలో ఆ ప్రాంతమున ఉద్యోగము చేయువారు కొందఱుందురు. వారి పనిని గూర్చి వారు చెప్పరు, చెప్పకూడదు కూడ.

మా విజ్ఞానశాలలో ఒక పాత సైకిలు చక్రమునకు ఇరువైపుల పిడులు బిగించి, ఒకవైపు పిడికి త్రాడు కట్టి దూలమునకు వ్రేలాడదీసియున్నాము. త్రిప్పక విడిచినచో అది వెంటనే క్రిందికి వ్రాలును. గట్టిగ త్రిప్పి విడిచినచో ఒక్క త్రాటిమీదనే నిటారుగ నిలిచి, మెల్లగ చుట్టును తిరుగుచుండును. చూడగోరు విద్యార్థులును, వారి తలిదండ్రులును శనివారము మధ్యాహ్న విరామమున రావచ్చును. వ్రేళ్లు చువ్వలలో పెట్టకుండ చిన్నపిల్లలను పెద్దవారు పట్టుకొనవలెను.